బోస్టన్ వీధుల్లో ఆంథొనీ బర్న్స్

1861-65లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం మాట వస్తే చాలు, అది రాష్ట్రాల హక్కుల కోసం జరిగింది, బానిసత్వం అందులో ఒక కారణం మాత్రమే అనేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1850లో వచ్చిన పరారీ బానిసల చట్టం ఒక్కటి చూసినా ఆ వాదన నిలబడదు.

తప్పించుకుని ఉత్తరాదికి చేరిన బానిసను పట్టుకుని యజమానికి అప్పజెప్పే పని ఆ చట్టం కేంద్ర అధికారుల చేతిలో పెట్టింది. పట్టుబడ్డ మనిషి తన కోసం తాను సాక్ష్యం చెప్పుకోకూడదు, జ్యూరీ ఉండదు. తీర్పు చెప్పే కమిషనర్‌కి అతన్ని వెనక్కి పంపిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు. ఆశ్రయం ఇచ్చినవాళ్లకి 1000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. దారిన పోయేవాళ్లని కూడా, వచ్చి పట్టుకోవడానికి సాయం చెయ్యమని అధికారులు ఆదేశించవచ్చు. అంటే అప్పటిదాకా బానిసత్వం ఎక్కడో దక్షిణాదిలో ఉందిలే అనుకున్నవాళ్ల గుమ్మంలోకే అది వచ్చేసింది.

ఆంథొనీ బర్న్స్ దక్షిణాదిలోని వర్జీనియా నుంచి ఓడలో తప్పించుకుని ఉత్తరాదిలోని బోస్టన్ వచ్చి, ఒక బట్టల దుకాణంలో పనిచేసుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాడు. వర్జీనియాలో బానిసగా ఉన్న అన్నకి రాసిన ఉత్తరం అన్న యజమాని చేతిలో పడింది, దాంతో ఆచూకీ బయటపడి 1854 మే 24న అరెస్టయ్యాడు. రెండు రోజులకి నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి అతన్ని విడిపించాలని కోర్టు తలుపులు బద్దలుకొట్టారు, ఆ పెనుగులాటలో ఒక కాపలాదారు చనిపోయాడు కానీ బర్న్స్ బయటపడలేదు. జూన్ 2న వరసగా నిలబడ్డ సైనికుల మధ్య అతన్ని రేవుకి నడిపించుకుపోతుంటే వేలాది జనం రోడ్లకి రెండువైపులా నిలబడి తిట్టారు, భవనాలకి నల్లగుడ్డలు కట్టారు, స్వేచ్ఛ అని రాసిన శవపేటికని వీధి మీదుగా వేలాడదీశారు. ఒక్క మనిషి కోసం ఇంత సైన్యమా! ఆ రాత్రి పాత మితవాదులుగా పడుకుని, తెల్లారేసరికి బానిసత్వ వ్యతిరేకులుగా లేచామని ఆమోస్ లారెన్స్ అనే బట్టల మిల్లుల వ్యాపారి రాసుకున్నాడు. (తర్వాతి ఏడాది బోస్టన్ జనం డబ్బు పోగుచేసి బర్న్స్‌ని కొని విడిపించారు. పాదిరీ అయ్యి, 1862లో కెనడాలో చనిపోయాడు.)

అదే వారంలో, మే 30న, కాన్సాస్-నెబ్రాస్కా చట్టం మీద సంతకం పడింది. ఆ రెండు కొత్త ప్రాంతాల్లో బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడి జనమే తేల్చుకోవచ్చు అనేసరికి కాన్సాస్‌లో తుపాకులు పేలాయి. 1857లో నల్లవాళ్లు అమెరికా పౌరులు కారన్న డ్రెడ్ స్కాట్ తీర్పు, 1859లో బానిసల తిరుగుబాటు లేపాలని జాన్ బ్రౌన్ చేసిన దాడి, 1860లో అధ్యక్ష ఎన్నికల్లో బానిసత్వం విస్తరించకూడదన్న లింకన్ గెలుపు, ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి.

ఈలోగా విస్కాన్సిన్ సుప్రీంకోర్టు, పరారీ బానిసల చట్టం మా రాష్ట్రంలో చెల్లదు అంది. మరి రాష్ట్రాల హక్కులంటే ప్రాణమిచ్చే దక్షిణాది మెచ్చుకోవాలి కదా? 1860 డిసెంబర్‌లో దక్షిణాది రాష్ట్రం సౌత్ కరోలినా అమెరికా నుంచి విడిపోతూ చేసిన ప్రకటనలో విస్కాన్సిన్‌తో సహా చాలా ఉత్తరాది రాష్ట్రాల పేర్లు రాసి, వీళ్లు మా బానిసల్ని తిరిగి అప్పగించడం లేదని ఫిర్యాదు చేసింది. మా బానిసల్ని వెంటబెట్టుకుని న్యూయార్క్ మీదుగా వెళ్లనివ్వడం లేదని కూడా ఏడ్చింది. విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు కలిసి కొత్తగా రాసుకున్న కాన్ఫెడరేట్ రాజ్యాంగంలో ఆ హక్కుకి హామీ ఇచ్చుకున్నారు: ఏ రాష్ట్రంలోకైనా బానిసలతో వెళ్లొచ్చు, ఆపే అధికారం ఆ రాష్ట్రానికి లేదు.