చీకటి గదిలో మోచెయ్యి

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

అమ్మ పడుకుంది. ఇవాళ్టి సంగతి రాయకుండా నాకు నిద్ర పట్టేలా లేదు.

పిల్లది వారం రోజులుగా పోరుతోందని మధ్యాహ్నం అంబాజీపేట నుంచి అమలాపురం వెళ్ళాం. ఒక కాలేజీ హాల్లో పంచేంద్రియాల ప్రదర్శన పెట్టారు. ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు ఎక్కడా లేదు. గుమ్మంలోనే కళ్ళకు గంతలు కట్టి లోపలికి పంపారు.

వాసనల బల్ల నాకంతగా నచ్చలేదు. డబ్బాలన్నీ పక్కపక్కనే పెట్టేశారు. కాఫీపొడి ఘాటు ముందు జీలకర్ర ఊసే లేదు. చివరి డబ్బా మూత తీశాక మాత్రం అక్కడే నిలబడిపోయాను. కాలవలో నానేసిన కొబ్బరి డొక్కల వాసన! నెలల తరబడి నీళ్ళలో మురిగితే గాని పీచు మెత్తబడదు. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు అది అమ్మమ్మగారి ఊరి కాలవ గట్టు.

తరవాత గోదావరి పటం. చెక్క మీద బంకమట్టి పరిచి, నదుల చోట తాళ్ళు అతికించారు. ధవళేశ్వరం దగ్గర అడ్డంగా ఒక పుల్ల తగిలింది. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్ట అక్కడిదే. ఇప్పుడున్నది ఆ తరవాత కట్టిన బ్యారేజి. అక్కణ్ణుంచి నా వేళ్ళు కుడివైపు గౌతమి వెంట, ఎడమవైపు వశిష్ఠ వెంట సముద్రం దాకా వెళ్ళాయి. నేను పుట్టి పెరిగిన కోనసీమంతా నా అరచేతి కింద ఉంది. బడిలో ఈ పటం ఎన్నిసార్లు గీశానో! ఇంత దగ్గరగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆఖరున చీకటి గది. చూపు లేనివారే చూపున్నవారిని చీకట్లో నడిపించే ప్రదర్శన 1988లో జర్మనీలో మొదలైందని, ఆండ్రియాస్ హైనెకే అనే ఆయన ఆలోచన అని గుమ్మం దగ్గరి విద్యార్థిని చెప్పింది. మమ్మల్ని నడిపించింది చూపు లేని ఒక డిగ్రీ కుర్రాడు. కాళ్ళ కింద ఇసుక, ఆ తరవాత గోదావరి దాటించే పంటు ఎక్కినట్టు ఊగే చెక్కలు, ఎక్కడో నీళ్ళ చప్పుడు. నాకు అడుగు పడలేదు. అతని చెయ్యి కోసం తడుముకుంటుంటే నెమ్మదిగా అన్నాడు:

“నేను మిమ్మల్ని పట్టుకోనండీ. మీరే నా మోచేతికి కాస్త పైన పట్టుకోండి. అరడుగు వెనక నడవండి. నేను దిగితే నా చెయ్యి దిగుతుంది, ఆగితే ఆగుతుంది. మీకు తెలిసిపోతుంది.”

నిజంగానే తెలిసింది. ఒకచోట “మెట్టు ఉంది, కిందికి” అన్నాడు. మెట్టు అని ఊరుకుంటే చాలదట, పైకో కిందికో చెప్పాలట.

ఆ చీకట్లో నాకు ఏడుపు వచ్చింది. అమ్మ కంటిచూపు నీటికాసుల (గ్లకోమా) వల్ల పోయి ఆరేళ్ళయింది. దెబ్బతిన్న కంటినరం మళ్ళీ బాగుపడదని డాక్టరు అప్పుడే చెప్పారు. ఆరేళ్ళుగా నేను అమ్మ మణికట్టు పట్టుకుని లాక్కెళుతున్నాను. పడిపోతుందేమోనని నా భయం. ప్రతిసారీ ఆమె ఒళ్ళు బిగబట్టేది. వయసు మీద పడి మొండికేస్తోందనుకుని ఎన్నిసార్లు విసుక్కున్నానో! ముందు ఏముందో తెలియని మనిషిని ముందుకు లాగితే ఎలా ఉంటుందో ఇవాళ నా ఒంటికి తెలిసింది.

బయటికి వచ్చే దారిలో ఇంకో బల్ల మీద కొబ్బరికాయలు పెట్టారు. ఊపి, ఏది లోపల ఎండి కురిడీ అయిందో చెప్పాలి. నేను తప్పు చెప్పాను. అటక మీది కాయల్లో నీరు ఇంకి లోపల గుడ్డు విడివడిందో లేదో అమ్మ చెవి దగ్గర ఒక్కసారి ఊపి చెప్పేస్తుంది. ప్రదర్శన మంగళవారం దాకా ఉంటుంది. రేపు ఆమెను తీసుకెళతాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లోకి వెళ్ళాలని లేచి నిలబడింది. నేను పక్కన నిలబడి, “నా మోచెయ్యి పట్టుకో అమ్మా” అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. వేళ్ళతో నా చెయ్యి తడిమి, మోచేతి పైన పట్టుకుంది. నడిచాం. ఆమె చెయ్యి బిగుసుకోలేదు. గడప దగ్గర నేను ఆగాను. ఆమె కూడా ఆగింది.

“మెట్టా?” అంది.

“అవునమ్మా, కిందికి.”