సలివాన్ ఖాళీగా వదిలిన సగం గోడ

షికాగోలో నా ఉద్యోగం రాళ్లకు డ్రాయింగులు గీయడం. గోడకు వేసే పలక ఏ సైజులో కొయ్యాలి, జాయింట్ ఎక్కడ రావాలి, ఇదే పని రోజంతా. మా నాన్న చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ చేసి మమ్మల్ని చదివించాడు.

మొదటి ఏడాది ఒక డ్రాయింగులో కొలత తప్పు వేశాను. కోసిన పలకలన్నీ వృథా అయ్యాయి. ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని ఒకటే టెన్షన్. ఆ ఆదివారం గదిలో ఉండలేక గ్రేస్‌లాండ్ శ్మశానానికి వెళ్లాను. అక్కడి గెట్టీ సమాధి చూడమని ఆఫీసులో ఒక పెద్దాయన ఎప్పటినుంచో చెబుతున్నాడు.

కలప వ్యాపారి హెన్రీ హారిసన్ గెట్టీ భార్య క్యారీ ఎలైజా కోసం 1890లో కట్టించిన సమాధి అది. డిజైన్ ఆర్కిటెక్ట్ లూయిస్ సలివాన్‌ది. మా ఊళ్లో చిన్న గుడంత ఉంటుంది. కింది సగం గోడ నున్నటి సున్నపురాయి, నగిషీ అన్నదే లేదు. పై సగమంతా ఎనిమిది భుజాల గళ్లు, గడి గడికీ నక్షత్రంలా విచ్చుకున్న చెక్కడం. ఆర్చి కింద పచ్చబారిన కంచు తలుపు, లేసు అల్లినట్టు. ఎంతసేపు చూసినా నా కళ్లు ఆ ఖాళీ గోడ మీదికే పోయాయి. అంత చెక్కగల చెయ్యి అక్కడ ఆగింది!

గెట్టీ వ్యాపార భాగస్వామి రైర్సన్ సమాధి కూడా అక్కడే ఉంది. 1889లో అదీ సలివానే కట్టాడు. పాలిష్ పట్టిన నల్లటి గ్రానైట్‌లో చెట్లు కనిపిస్తుంటే నాన్న గుర్తొచ్చాడు. గెట్టీ కూతురు ఆలిస్ 1936లో మన వినాయకుడి మీద ఒక పుస్తకమే రాసిందని తర్వాత తెలిసి ఆశ్చర్యపోయాను. సలివాన్ మాత్రం 1924లో పేదరికంలో పోయాడు. ఆయన్నీ ఇక్కడే పూడ్చారు. ఆయన పేరున్న రాయి ఏళ్ల తర్వాత స్నేహితులు పెట్టించారు. ఇంత కట్టిన మనిషికి ఆ గతి పట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

గెట్టీ సమాధి దగ్గరికి తిరిగొచ్చి నాన్నకు వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. పలకల సంగతి చెప్పాలనే చేశాను గానీ నోరు రాలేదు. ఆర్చి చూపించాను.

"గ్రానైటా?"

"కాదు నాన్నా, సున్నపురాయి."

"ఇన్నేళ్లకి కూడా అంచు అట్టా నిలబడిందా? ఏదీ, ఫోన్ ఇంకొంచెం దగ్గర పెట్టు. ఆ జాయింట్ చూపించరా."

తలుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూపించాను.