రెండో పుంజుకు చోటు

భీమవరం దగ్గరి పల్లెలో, కొబ్బరి చెట్టూ నూతి గట్టూ పోను మిగిలిన రెండు సెంట్ల పెరట్లో ఏడేళ్లుగా అసిల్ కోళ్లను పెంచుతున్నాను. ఇక్కడ అసిల్ అనగానే అందరికీ సంక్రాంతి బరి గుర్తుకు వస్తుంది గనుక, డిసెంబరులో బేరానికి వచ్చేవారికి పందేలకు ఇవ్వనని చెప్పి పంపడం నాకు ఏటా ఉండే పని. వచ్చినవారు డేగ, కాకి, సేతువ, పర్ల అని పుంజు ఈకల రంగు చూసి ధర కడతారే గాని, దాని తల్లి ఏదని అడిగేవారు అరుదు. పెరువియన్ పుంజులతో దాటించిన సంకరాలు ఊరూరా పెరిగాక, తల్లీ తండ్రీ ఇద్దరూ అసిలేనని ధైర్యంగా చెప్పగలిగిన పిల్ల దొరకడం కష్టమైపోయింది.

అసిల్ పెట్ట గుడ్ల కోసం పెంచుకునేది కాదు. ఫారాల్లోని లేయర్ కోడి ఏడాదికి 300 గుడ్లు పెడితే, పెరట్లో తిరిగే అసిల్ పెట్ట 30, 40 పెట్టి ఊరుకుంటుంది. అయితే పొదుగుకు కూర్చుందంటే మేతకూ నీళ్లకూ రోజుకొకసారి లేవడమే తప్ప 21 రోజులూ గంప విడవదు. ముంగిస మీదికి ఎగబడిన మా కాకి పెట్టను నేను కళ్లారా చూశాను.

అసలు కష్టం వేరు. చిన్న మందలో రక్తసంబంధం ఎంత త్వరగా చిక్కబడుతుందో మొదట్లో నాకు తెలియదు. ఒక పుంజూ ఆరు పెట్టలూ ఉంటే కళ్లకు ఏడు కోళ్లు కనిపిస్తాయి గాని, పిల్లల్లో సగం వారసత్వం ఆ ఒక్క పుంజుదే కావడం వల్ల జన్యుశాస్త్రం లెక్కలో అవి మూడున్నర కోళ్లకు మించవు. పెట్టలను వందకు పెంచినా ఆ లెక్క నాలుగు దాటదు. అదే ఆరు పెట్టలకు ఇంకొక్క పుంజును చేరిస్తే ఆరుకు చేరుతుంది. అందుకే చోటు తక్కువ ఉన్నవారు పెట్టలను కొనే డబ్బుతో రెండో పుంజును తెచ్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఈ సంగతి నాకు పొరపాటు చేశాకే బోధపడింది. పక్కింటి నాటు పుంజు గోడ దూకి వచ్చిందని తెలిసినా, ఆ పొదుగులోని పిల్లలన్నిటికీ అసిల్‌కు ఉండవలసినట్టే తలకు అంటుకున్న పొట్టి జుట్టు, అంటే తల మీది ఎర్రటి తురాయి, ఉండటంతో నిశ్చింతగా ఉండిపోయాను. మరుసటి ఏడు, చేతిలో వేరే పుంజు లేక, ఆ పిల్లల్లోనే అన్నాచెల్లెళ్లను జత చేశాను. పుట్టిన పదకొండింటిలో మూడింటికి రంపపు పళ్లలాంటి నిటారు జుట్టు లేచింది. పొట్టి జుట్టు లక్షణం బలమైనది కావడంతో మొదటి తరంలో అది రెండోదాన్ని కప్పిపెట్టిందన్నమాట. రెండేళ్ల శ్రమను కూరకు ఇచ్చేయవలసి వచ్చింది.

ఇప్పుడు నా దగ్గర ఒక డేగ పుంజు, ఒక కాకి పుంజు ఉన్నాయి. కలిస్తే రక్తం చూడందే వదలవు కనుక వాటి మధ్య ఒకదానికొకటి కనబడకుండా తాటాకు దడి కట్టించాను. పుంజును మార్చినప్పుడల్లా మూడు వారాల పాటు వచ్చిన గుడ్లన్నీ వంటింటికే పోతాయి, ఎందుకంటే మొదటి పుంజు బీజం పెట్ట లోపల అన్నాళ్లూ నిలిచి ఉండగలదు. ఆ తరువాతి గుడ్ల మీద తేదీ, పుంజు గుర్తు పెన్సిలుతో రాసి, గంపలో పెట్టిన ఏడో రోజు రాత్రి సెల్‌ఫోను లైటుకు ఆనించి చూస్తాను. పిల్ల కడుతున్న గుర్తుగా ఎర్రటి దారాల్లాంటి రక్తనాళాలు కనిపించనివి తీసేస్తాను.

కొక్కెర తెగులు టీకా మాత్రం చిన్న మందకు చిక్కే. పిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లో వేసే లసోటా అనే ఆ టీకా చుక్క వంద డోసుల సీసాలో వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. నాకు కావలసినవి పది చుక్కలు. అందుకని ఆ రోజు చుట్టుపక్కల వారందరినీ పిల్లలతో రమ్మని కబురు పెడతాను. గోడ దూకిన పుంజు యజమాని అందరికంటే ముందు వస్తాడు, ఈసారి దాని పిల్లలు పద్నాలుగు.