33, 34, 39: రెండేళ్ల పాపతో బెంగళూరు నుంచి విశాఖకు

మధ్యాహ్నం బెంగళూరులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక సాయంత్రం, ఒక రాత్రి, మర్నాడు ఒక పూట. విశాఖ దాకా లెక్క అదీ. రెండేళ్ల పిల్లకి ఇవి మూడు వేర్వేరు ప్రయాణాలు. సాయంత్రం కిటికీ కావాలి, రాత్రి కింద పడిపోని పడక కావాలి, పొద్దున్నే తిరగడానికి చోటు కావాలి. ఒక్క బెర్తు ఈ మూడూ ఇవ్వలేదు కాబట్టి బెర్తుల జత చూసుకోవాలి. చాలామంది "ఎలాగోలా లోయర్ దొరికితే చాలు" అని ఆగిపోతారు. తిప్పలు అక్కడే మొదలవుతాయి.

మేం పెద్దవాళ్లం ముగ్గురం: నేను, ఆయన, మా అమ్మ. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు (2024 నవంబరుకు ముందు 120 రోజులు ఉండేది), ఆ రోజు పొద్దున్నే కూర్చుని థర్డ్ ఏసీలో రెండు పీఎన్‌ఆర్‌లు, అంటే రెండు విడి టికెట్లు, తీశాం. ఒకటి మా ఇద్దరికి. పాప పేరు అందులోనే, బెర్తు లేని శిశువుగా. ఐదేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడక్కపోతే ఛార్జీ లేదు, అడిగితే పెద్దవాళ్ల ఛార్జీ మొత్తం కట్టాలి. రెండేళ్ల పిల్లకి విడిగా బెర్తు కొనడం దండగ, ఒంటరిగా ఎలాగూ పడుకోదు. నాలుగేళ్లు వచ్చాక ఆలోచించవచ్చు. రెండో పీఎన్‌ఆర్ అమ్మకి విడిగా, లోయర్ బెర్త్/సీనియర్ సిటిజన్ కోటాలో. ఆడవాళ్లకి 45 ఏళ్లు, మగవాళ్లకి 60 నిండితే ఆ కోటా వర్తిస్తుంది. ఒంటరిగా గానీ, ఆ అర్హత ఉన్న ఇద్దరు కలిసి గానీ తీసుకోవాలి. అమ్మని మా టికెట్లోనే కలిపేస్తే ఆ కోటా పోతుంది. థర్డ్ ఏసీ బోగీకి అలాంటి లోయర్లు నాలుగో ఐదో ఉంటాయి, అంతే.

రైల్వే టికెట్ల సైటు ఐఆర్‌సీటీసీలో ఫలానా నంబరే కావాలని అడగలేం. లోయరా, మిడిలా అన్న ఇష్టం చెప్పగలం. దాని కిందే "కనీసం ఒక లోయర్ దొరికితేనే బుక్ చెయ్యి", "రెండు లోయర్లు దొరికితేనే" అన్న షరతులుంటాయి. మేం పెట్టింది మొదటిది. వచ్చినవి 33, 34. అమ్మకి అదే బోగీలో 20.

ఈ అంకెలు చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ నంబరుని ఎనిమిదితో భాగించండి. శేషం 1, 4 అయితే లోయర్, 2, 5 మిడిల్, 3, 6 అప్పర్, 7 సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. సెకండ్ ఏసీలో ఆరుతో భాగించాలి: 1, 3 లోయర్, 5 సైడ్ లోయర్. థర్డ్ ఏసీ కొత్తరకం (ఎల్‌హెచ్‌బీ) బోగీలో 72 బెర్తులు, పాతరకం (ఐసీఎఫ్) బోగీలో 64. ఎనిమిదేసి బెర్తుల గదిని బే అంటారు. అంటే 33 నుంచి 40 దాకా ఎల్‌హెచ్‌బీలో నట్టనడిమి బే. చక్రాలు బోగీ రెండు చివర్ల కింద ఉంటాయి కాబట్టి ఊపు, చప్పుడు చివర్లలోనే ఎక్కువ. మరుగుదొడ్డి వాసన, రాత్రంతా తలుపు తీసి వేసే చప్పుడు, తీసినప్పుడల్లా మొహాన పడే వెలుతురు కూడా అక్కడే. డైపరు వేసే పిల్లయితే నడుమ బే ఖాయం. అప్పుడప్పుడే డైపరు మాన్పిస్తున్న పిల్లయితే మాత్రం 9–16 మధ్య దొరికినా వద్దనకండి. "అమ్మా, పాస్" అన్నాక బోగీ నడుమ నుంచి చివరిదాకా ఎత్తుకుని పరిగెత్తే వ్యవధి ఉండదు.

రెండు ఎదురెదురు లోయర్ల కంటే ఒకే వైపు లోయర్, మిడిల్ మేలు. ఎందుకంటే, మిడిల్ బెర్తు ఎత్తడానికి వేళ ఉంది: రాత్రి 10 నుంచి ఉదయం 6. అది ఎత్తాక కింద లోయర్ మీద పెద్దవాళ్లు నిటారుగా కూర్చోలేరు, తల తగులుతుంది. మెడ వంచుకుని ఒళ్లో బిడ్డకి పాలు పట్టాలంటే పది నిమిషాలకే నడుం పట్టేస్తుంది. ఎదురెదురు లోయర్లు మనవైతే వాటి పైనున్న మిడిళ్లు రెండూ పరాయివాళ్లవి, పది కొట్టగానే ఎత్తుకునే హక్కు వాళ్లది. 33, 34 రెండూ మనవే అయితే ఎప్పుడు ఎత్తాలో మన చేతిలో ఉంటుంది. పాప పదిన్నర దాకా నిద్రపోలేదు. ఆ అరగంట హాయిగా వీపు ఆనించి కూర్చున్నాం.

రాత్రి రెండింటికి లేచినప్పుడు ఏం చెయ్యాలి? దానికి సైడ్ లోయర్. ఎవరికీ నచ్చని బెర్తు అది, నిజమే. పొట్టి, మధ్యలో అతుకు, దారిన పోయేవాళ్ల సంచులు కాళ్లకి తగులుతుంటాయి. కానీ దాని మీద మిడిల్ లేదు, ఏ వేళప్పుడైనా తిన్నగా కూర్చోవచ్చు. కిటికీ కూడా దానికే సొంతం. బిడ్డని అక్కడ పడుకోబెట్టకూడదు, ఒక్కసారి దొర్లితే నడవలో పడుతుంది. కూర్చోబెట్టుకోవడానికి మాత్రం బంగారం.

అందుకే ఎక్కగానే అమ్మ 20ని మా బేలోని 39తో మార్చుకోవాలని చూశాం. ఎదుటి 36 లోయరాయన తనే ముందుకొచ్చి "పాపతో ఉన్నారు, మీ అమ్మగారిని ఇక్కడికి రమ్మనండి, నేను 20కి వెళ్తా" అన్నారు. మంచి మనిషే. ఎక్కడ దిగుతారని అడిగితే నంద్యాలన్నారు. దండం పెట్టి వద్దన్నాం. నంద్యాల తర్వాత 36 ఇంకొకరికి ఇచ్చి ఉండవచ్చు. అర్ధరాత్రి ఆ కొత్త మనిషి ఫోను లైటు వేసుకుని టికెట్ చూపిస్తూ వస్తే అమ్మని లేపి పంపాలి, ఆ సందట్లో పాప లేస్తుంది. బెర్తు మార్చుకునేది ఎప్పుడూ మనంత దూరమో, ఇంకా ముందుకో వెళ్లేవాళ్లతోనే. 39లో కుర్రాడు విశాఖ దాకా. "తమ్ముడూ, సైడ్ లోయర్ బదులు పూర్తి లోయర్ ఇస్తాం, నడుం చాపుకోవచ్చు" అంటే ఎగిరి గంతేసి వెళ్లాడు. మనం అడిగేదాని కంటే ఇచ్చేది మెరుగ్గా ఉండాలి. అప్పర్ చేతిలో పెట్టుకుని లోయర్ ఇమ్మంటే ఎవరిస్తారు? అడగడం కూడా బండి కదిలిన పావుగంటలోపే, దుప్పట్లు పరుచుకోకముందే. టీసీ వచ్చినప్పుడు మార్పిడి సంగతి ఆయన చెవిన వేశాం.

బెంగళూరు నుంచి ధర్మవరం దాకా బండి ఉత్తరానికి పోతుంది. మధ్యాహ్నం ఎండ ఎడమ కిటికీలది. మన బే ఏ వైపు వస్తుందో బోగీ తగిలించిన తీరుని బట్టే కాబట్టి దాన్ని ఎంచుకోలేం. పాతచీర ముక్క ఒకటి, నాలుగు క్లిప్పులు తెచ్చుకుంటే తెర చాలనప్పుడు పనికొస్తాయి. కిటికీ బల్ల అంచు సరిగ్గా రెండేళ్ల పిల్ల నుదుటి ఎత్తులో ఉంటుంది. ముందు దానికి తువ్వాలు చుట్టాం. పాప రెండో గురి నిచ్చెన, మూడోది ఎమర్జెన్సీ కిటికీ ఎర్ర పిడి. మన కిటికీ అదే అయితే పిల్లని ఎదుటి వైపు కూర్చోబెట్టడం తప్ప దారి లేదు.

(స్లీపర్ సంగతి అడుగుతారేమో. గాలి, ఊచల్లోంచి పొలాలు, పిల్లలకి అంతకంటే సరదా లేదు. అయితే కిటికీ షట్టరు గొళ్లెం సరిగ్గా పడకపోతే ఊపుకి జారి వేళ్ల మీద పడుతుంది. ఎండాకాలం రాయలసీమలో ఆ గాలే వడగాలి. వందే భారత్‌లాంటి కూర్చునే బండ్లలో అయితే 3+2 సీట్లు, పాపకి సీటు కొనకపోతే దారి పొడవునా ఒళ్లోనే. నాలుగైదు గంటలకి ఫరవాలేదు, ఎనిమిది గంటలకి కాదు. ఇక 2022 మేలో లక్నో మెయిల్‌లో ప్రయోగంగా పెట్టిన బేబీ బెర్తు పొడవు 770 మిల్లీమీటర్లు. రెండేళ్ల పిల్లలు మామూలుగా 85 సెంటీమీటర్లు దాటి ఉంటారు. అది పొత్తిళ్ల బిడ్డలకే.)

తిండి క్లుప్తంగా: కాచిన పాలు ఫ్లాస్కులో పోసుకెళ్లకండి, గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే విరుగుతాయి. మరిగిన నీళ్లు అర లీటరు ఫ్లాస్కులో, పాలపొడి విడిగా, ఒక్కో సీసాకి సరిపడా చిన్న డబ్బాల్లో కొలిచి. రాత్రికి నూనె, కారం తక్కువ వేసిన పొడి ఇడ్లీ, పొద్దుటికి వేడినీళ్లలో నానేసే అటుకులు. ఎలక్ట్రిక్ కెటిల్ రైల్లో నిషిద్ధం. పైగా రాత్రి 11 నుంచి 5 దాకా చార్జింగ్ ప్లగ్గులకి కరెంటు ఆపేస్తారు కాబట్టి పాటల ఫోను ముందే నింపుకోవాలి. డైపర్లు పగలు నాలుగు గంటలకొకటి, రాత్రికి ఒకటి లెక్కేసి, పైన మూడు. బండి ఆలస్యానికి ఆ మూడూ.

పదిన్నరకి 34 ఎత్తి, గొలుసు కొక్కేలు రెండు వైపులా పడ్డాయో లేదో చేత్తో లాగి చూశాకే కింద పాపని పడుకోబెట్టాం. బెర్తు వెడల్పు సుమారు రెండడుగులు. పాప గోడవైపు, నేను బయటివైపు, తలలు కిటికీ దిక్కు. నడవ దిక్కు తల పెడితే నంద్యాలలో దిగే పెట్టెల మూలలు తగులుతాయి. కింద, రెండు లోయర్ల మధ్య నేల మీద, సంచులు వరసగా పేర్చాం. దొర్లినా సంచి మీదే పడుతుంది. చీరతో ఉయ్యాల కట్టే అలవాటు మనవాళ్లలో ఉంది. పగలు, పక్కవాళ్లు సరేనంటే, పై బెర్తుల ఇనుప చట్రానికి, నేలకి జానెడు ఎత్తులో, ఒకరి చెయ్యి దాని మీదే ఉంచి కట్టండి. సీసా పెట్టే వల, బట్టల కొక్కెం బరువు ఆపవు. రాత్రి మాత్రం వద్దు.

రెండింటికి పాప లేచింది, అనుకున్నట్టే. 39లో అమ్మ అప్పటికే దిండు నడుం వెనక పెట్టుకుని కూర్చుంది. ఒళ్లో వేసుకుని సీసా పట్టింది, ఇరవై నిమిషాల్లో మళ్లీ 33కి. దీపం వెయ్యలేదు, ఎవరూ లేవలేదు.

విజయవాడ దాటాక తెల్లారింది. ఆరింటికి 34 దించేసి మళ్లీ సోఫా చేసుకున్నాం. కొవ్వూరు దగ్గర పాపని 39 కిటికీకి మార్చాం. గోదావరి వంతెన మీద చప్పుడు మారేసరికి "నీళ్లు, నీళ్లు" అని అద్దం మీద రెండు చేతులూ వేసి నిలబడింది. తర్వాత నడవలో నడక మొదలు. నడిపిస్తే బోగీ మధ్యలోనే, వెనక ఒకరు ఉండి. చివరి స్ప్రింగు తలుపు మడత బందుల దగ్గర వేళ్లు నలుగుతాయి, అక్కడికి పోనివ్వకూడదు.

తిరుగు టికెట్ సెకండ్ ఏసీలో తీశాం. మిడిల్ లేదు కాబట్టి ఈ జతల లెక్క అంతా అక్కర్లేదు. దానికి ఛార్జీ బాగా ఎక్కువే. ముగ్గురు పెద్దవాళ్లుంటే మాత్రం నా ఓటు ఇప్పటికీ థర్డ్ ఏసీలో లోయర్, మిడిల్, సైడ్ లోయర్‌కే.

దువ్వాడ దాటాక దుప్పట్లు విదిలించి చూశాం. పాప చెంచా అమ్మ దుప్పటి మడతలో దొరికింది, సీసా మూత 36 కింద. ఒక మేజోడు దొరకనే లేదు.