వేరుశనగ చెక్కకు తోడు జమ్మి ఆకు: లెక్క తప్పితే చేటే

వేరుశనగ చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలో, మాంసకృత్తులు 40 శాతం పైనే. కానీ గొర్రె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు అందులో ఎక్కువ భాగాన్ని అమ్మోనియాగా విరగ్గొట్టేస్తాయి. వాడుకోగా మిగిలింది యూరియాగా మారి మూత్రంలో పోతుంది. ఖరీదైన మేత అలా వృథా అవుతుంది.

జమ్మి ఆకులోని టానిన్ అనే వగరు పదార్థం ఇక్కడే పనికొస్తుంది. మొదటి పొట్టలో పీహెచ్ (ఆమ్లతను చెప్పే కొలత) 6-7 దగ్గర అది మాంసకృత్తులను సూక్ష్మజీవులకు అందకుండా పట్టుకుంటుంది. నాలుగో పొట్టలో ఆమ్లం పెరిగి పీహెచ్ 3కి దిగగానే వదిలేస్తుంది, అప్పుడు చిన్నపేగులో అవి అరుగుతాయి.

మోతాదు మొత్తం ఎండు మేతలో 2-3 శాతం టానిన్. 30 కిలోల పొట్టేలు రోజుకు సుమారు కిలో ఎండు మేత తింటుంది, అంటే 20-30 గ్రాములు. ఆకులో టానిన్ 10 శాతం ఉంటే 200-300 గ్రాముల ఎండు ఆకు చాలు. ఈ శాతం చెట్టును బట్టీ, ఆకు ముదురును బట్టీ మారుతుంది కాబట్టి 50 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాల్లో పెంచండి. చెక్కతో కలిపే పెట్టాలి, విడిగా పెడితే ఫలితం తగ్గుతుంది.

మేతలో టానిన్ 5 శాతం దాటితే వగరుకు గొర్రెలు మేత తగ్గిస్తాయి, అరుగుదల పడిపోతుంది. అలా కనిపిస్తే ఆకు సగానికి తగ్గించండి.

జొన్న చొప్ప మీదే బతికే మందకు మాత్రం ఇది వద్దు. చొప్పలో మాంసకృత్తులే తక్కువ. ఉన్న కాస్తనూ టానిన్ పట్టేస్తే సూక్ష్మజీవులకు నత్రజని అందక చొప్ప కూడా అరగదు. అక్కడ ముందు కావలసింది చెక్కే.