పెళ్లిలో చూడని అరుంధతి

కాజీపేటలో రైలెక్కి, మా చెల్లె పిల్లలను హైదరాబాద్ బిర్లా ప్లానెటోరియంకు తీసుకెళ్లాను. లైట్లు ఆరి, గోపురం మీద సప్తర్షి మండలం రాగానే పెద్దది అడిగింది: "మామా, పట్టపగలు పెళ్లయితే పిన్నికి అరుంధతి ఎట్లా కనిపించింది?" నిజమే, పంతులు చూపిస్తే అందరం తలూపేస్తాం! వశిష్ఠుడు, అరుంధతి సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నారట. అంటే మనం చూసే వెలుగు బయలుదేరినప్పుడు ఇక్కడ ఇంకా నిజాం పాలనే.

ధ్రువ నక్షత్రం మన అక్షాంశమంత ఎత్తులో ఉంటుంది. వరంగల్‌లో 18 డిగ్రీలు. చాచిన చేతి పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. ఇక రోజూ చీకటి పడగానే డాబా మీద పిడికిళ్లతో కొలతలే. హనుమకొండ వీధి దీపాల్లో అది దొరకడమే కష్టం. చిన్నోడైతే సెల్ టవర్ లైటునే ధ్రువుడని ఖాయం చేశాడు.