షార్ట్‌స్టాప్ అతని సొంత స్థానం కాదు

1956 అక్టోబర్ 8న అమెరికా బేస్‌బాల్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ ఐదో ఆటలో న్యూయార్క్ యాంకీస్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) డాన్ లార్సెన్ ఒక్కరినీ బేస్ చేరనివ్వకుండా 27 మందినీ వరుసగా ఔట్ చేశాడు. నిజానికి ఆ పర్ఫెక్ట్ గేమ్ రెండో ఇన్నింగ్స్‌లోనే చెడిపోవలసింది. బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆటగాడు జాకీ రాబిన్సన్ బలంగా కొట్టిన బంతి థర్డ్ బేస్ కాస్తున్న ఆండీ కేరీ గ్లవ్‌కు తగిలి పక్కకు చెదిరింది; సెకండ్, థర్డ్ బేస్‌ల నడుమ షార్ట్‌స్టాప్‌గా ఉన్న గిల్ మెక్‌డూగల్డ్ దాన్ని అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరితే, రాబిన్సన్ అడుగు తేడాలో ఔటయ్యాడు. లార్సెన్‌ను అందరూ తలుచుకుంటారు గానీ, నా ఆసక్తి ఆ బంతిని అందుకుని విసిరిన మెక్‌డూగల్డ్ మీదే, ఎందుకంటే అంతకు ముందటి ఏడాది దాకా అతను కాసింది సెకండ్ బేస్.

శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన మెక్‌డూగల్డ్ 1951 నుంచి 1960 వరకు పదేళ్లూ యాంకీస్‌కే ఆడాడు. 1952, 1953లలో ఎక్కువగా థర్డ్ బేస్, తరువాతి రెండేళ్లు సెకండ్ బేస్, ఆ పై రెండేళ్లు షార్ట్‌స్టాప్, 1958లో మళ్లీ సెకండ్ బేస్. మేనేజర్ కేసీ స్టెంజెల్ అతన్ని ఖాళీ పూరించే మనిషిగా చూడలేదు. ఎక్కడ నిలబెట్టినా అతను ఆ చోటికి అసలు ఆటగాడే. చూడటానికి పక్కపక్కనే ఉన్నా ఈ స్థానాల పని ఒకటి కాదు. థర్డ్ బేస్ దగ్గర బంతి రెప్పపాటులో మీదికొస్తుంది, షార్ట్‌స్టాప్ విశాలమైన మేర కాయాలి, సెకండ్ బేస్ కాసేవాడు డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరిని ఔట్ చేయడం) తిప్పేటప్పుడు తనవైపు దూసుకొచ్చే రన్నర్‌ను పూర్తిగా చూడకుండానే ఒళ్లు తిప్పి విసరాలి.

బ్యాటును కిందికి వేలాడేసి నిలబడే అతని వింత భంగిమ చూస్తే కొట్టగలడని ఎవరూ అనుకోరు. అయినా తొలి ఏడాదే .306 బ్యాటింగ్ సగటు (పది ప్రయత్నాల్లో మూడుకు పైగా హిట్లు) సాధించి అమెరికన్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు, అయ్యాడు, ఆ ఏటి వరల్డ్ సిరీస్‌లో గ్రాండ్‌స్లామ్ (మూడు బేస్‌ల మీదా రన్నర్లు ఉండగా హోమ్ రన్) కూడా కొట్టాడు.

1957 మే 7న క్లీవ్‌లాండ్‌లో అతను కొట్టిన బంతి సూటిగా పిచర్ హెర్బ్ స్కోర్ కంటికి తగిలింది. స్కోర్ చూపు పోతే ఆట మానేస్తానని మెక్‌డూగల్డ్ ప్రకటించాడు. చూపు నిలిచింది గానీ స్కోర్ మునుపటి పిచర్ కాలేకపోయాడు. ఆ మాట అన్న మనిషికే అంతకు రెండేళ్ల ముందు, 1955లో, బ్యాటింగ్ సాధనలో సహ ఆటగాడు కొట్టిన బంతి చెవి దగ్గర తగిలింది. ఆ దెబ్బ క్రమంగా వినికిడినంతా తినేసింది. 32 ఏళ్లకే ఆట విరమించి, తరువాత ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయం జట్టుకు శిక్షణ ఇచ్చినవాడు చెవుల మూలంగా ఆ పనీ వదులుకోవలసి వచ్చింది. 1994లో కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) శస్త్రచికిత్స జరిగాకే తన ఇంటివాళ్ల మాటలు మళ్లీ విన్నాడు.